వదిన పెన్‌డ్రైవ్, నా పాండిత్యం

ఒక కంప్యూటర్‌ను కాపాడబోయి, దానికి ఏ సంబంధమూ లేని ఒక పెళ్లికూతురి జాకెట్టుకు ఎసరు పెట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. ఆ రోజు నేను కూల్చింది ఒక గోడైనా బాగుండేది, మళ్లీ కట్టుకునేవాళ్లం. నేను తుడిచేసింది మా వదిన రెండేళ్ల కష్టాన్ని. అదీ ఒక చేత్తో టీ తాగుతూ, రెండో చేత్తో మౌస్ నొక్కుతూ.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. కర్నూలులో డిగ్రీ అయ్యాక మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేశాను. ఆ మూడు నెలల్లో ఒక నెల మా సారుకు కామెర్లు. మిగిలిన రెండు నెలల్లో కంప్యూటర్ స్క్రూలు విప్పడం నేర్పారు. బిగించడం చెప్పేలోపు కోర్సు అయిపోయింది. అయినా మా వీధిలో ఎవరింట్లో టీవీ రిమోట్ మొండికేసినా "సూరిని పిలవండి" అనేవాళ్లు. నేను వెళ్లి బ్యాటరీలు తీసి, అవే మళ్లీ పెట్టి, పెద్ద ఆపరేషన్ చేసిన డాక్టరులా నుదురు తుడుచుకుని వచ్చేవాణ్ని. ఒక కుర్రవాడి బుర్ర పాడవడానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

మా అన్న మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసేవాడు, పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, నాగవేణి వదిన, నేను. వదిన ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని పెళ్లి జాకెట్ల మీద పని చేసేది. ఆ పని తెలియని వారికి రెండు ముక్కలు చెబుతాను. పువ్వయినా, తీగైనా ముందు కంప్యూటర్‌లో గీయాలి. ఏ కుట్టు ఎక్కడ పడాలో, ఏ రంగు దారం ఎప్పుడు మారాలో ఓపిగ్గా దానికి చెప్పాలి. తర్వాత ఆ డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మిషన్‌కు గుచ్చితే, సూది ఆ గీత తప్పకుండా పరుగెడుతుంది. వదిన చదివింది పదో తరగతి. ఇదంతా ఆమె ఒక్కతే కూర్చుని, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకుంది. ఈ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది కదా.

ఒక రోజు కంప్యూటర్ కాస్త నెమ్మదించింది. నేను దాని నాడి పట్టి చూసి, "బరువెక్కింది వదినా, నీ డిజైన్లన్నీ ఇందులోనే పెట్టావు, పాపం ఎలా మోస్తుంది?" అన్నాను. నిజానికి ఆ డిజైన్లన్నీ కలిపినా ఒక సినిమా పాటంత బరువు ఉండవు. అది ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం వాటన్నిటినీ తీసి, ముప్పై రెండు జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని అందులోకి మార్చేశాను. చిన్నది చాలు కదా అని అడిగితే, "మనం చిన్నవి వాడం వదినా" అన్నాను. పైగా ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"ఏదైనా సరే రెండు చోట్ల దాచుకోవాలి వదినా. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. కంప్యూటర్ విద్యలో ఇది మొదటి పాఠం."

"ఎట్ల దాచాల, చూపియ్యి" అంది వదిన.

చూపించాను. ఆమె ఒక డిజైన్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకుంది. నేను చెప్పడం అయిపోగానే మరిచిపోయాను. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లందరికీ ఉండే జబ్బే అది.

తర్వాత దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజ అంటే పనిముట్టు అన్నది ఏదీ బొట్టు లేకుండా మిగలకూడదు. సైకిలు, కత్తెర, కొడవలి, గ్యాస్ స్టవ్, నీళ్ల మోటరు, అన్నిటికీ గంధం, కుంకుమ, పూలు. ఆ ఏడాది పూజ భారం నేను మీద వేసుకున్నాను. ఎంబ్రాయిడరీ మిషన్‌కు మూడు వేళ్లతో నామాలు తీర్చాను. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి భక్తి పొంగింది. సీపీయూ డబ్బాకు ముందు వైపు కనిపించిన ప్రతి రంధ్రం మీదా చిక్కటి గంధం, దాని మీద కుంకుమ, పైన అక్షింతలు. అమ్మ చూసి శానా మురిసింది. మా ఇంటి ఆచారం ఇంకొకటి ఉంది. ఆయుధ పూజ బొట్టును చేత్తో తుడవకూడదు. దానంతట అది ఎండి రాలిపోవాలి. కాబట్టి ఎవరూ తుడవలేదు. ఈ విషయం కాస్త గుర్తుంచుకోండి.

పండుగ అయిన వారానికి కోసిగి దగ్గరి పల్లె నుంచి హనుమక్క అనే ఆమె వచ్చింది. కూతురి పెళ్లి. ముహూర్తం రాబోయే రెండో శుక్రవారం. వదిన నెమళ్లు, ఏనుగులు, కలశాలు అన్నీ చూపించింది. హనుమక్క అన్నిటినీ పక్కకు జరిపింది.

"అందరూ నెమలే ఏయించుకుంటాండారు తల్లీ. మాకు మా జొన్నకంకి ఏయి."

"జొన్నకంకా? జాకెట్టు మీదనా?"

"అవు. ఏటా సుగ్గి పనులకు గుంటూరు దిక్కు పోతాము. ఆడ ఎవురి చేన్లోనో మిరప్పండ్లు తెంపుతాము. యాడికి పోయినా మా బిడ్డ అడిగేది ఒగటే, 'మా జొన్నచేనికి ఎప్పుడు పోదామమ్మా' అని. అది కట్టుకునే బట్ట మీద ఆ కంకి ఉండాల. అంతే."

వదిన పది రోజులు కూర్చుంది. నిజమైన కంకి ఒకటి తెప్పించి కంప్యూటర్ పక్కన పెట్టుకుని, గింజ గింజకూ కుట్టు మలిచింది. సోమవారం అది పూర్తయింది. చిన్న గుడ్డ ముక్క మీద కుట్టి చూస్తే, తుంచుకుని నమలాలనిపించేలా ఉంది. మంగళవారం పొద్దున అమ్మా, వదినా కడపకు బయలుదేరారు, వదిన చెల్లెలి బిడ్డకు పేరు పెట్టే వేడుకకు. బుధవారం మధ్యాహ్నానికి రావాలి, గురువారం జాకెట్టు కుట్టి సాయంత్రం హనుమక్కకు ఇవ్వాలి.

"సూరీ, పెన్‌డ్రైవ్ మిషన్ పక్కన పెట్టినా. దాని జోలికి పోవద్దు నాయనా."

"నేనెందుకు పోతా వదినా!" అన్నాను. కొంచెం నొచ్చుకున్నాను కూడా.

వాళ్లు వెళ్లిన గంటకు కంప్యూటర్ పెడితే లోపల ఫ్యాన్ గురక పెట్టింది. నాలోని డాక్టరు లేచాడు. ఇది రేపో మాపో పడిపోతే వదిన గతేమిటి? దీనికి రికవరీ డ్రైవ్ చేసి పెట్టాలి. అంటే, కంప్యూటర్ ఎప్పుడైనా మంచం పడితే గుచ్చి లేపడానికి పనికొచ్చే పెన్‌డ్రైవ్ అన్నమాట. వదిన వచ్చేసరికి తయారుగా ఉంచి, "చూడు వదినా, నీ కోసం" అనాలి. ఆమె కళ్లు చెమర్చాలి. కళ్లు చెమర్చడం వరకూ నా ఊహ సరైనదే, ఎవరివి అన్న దగ్గరే పొరపాటు.

నా పెన్‌డ్రైవ్ చిన్నదని కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఎదురింటి ఆటో ఈరన్న గుర్తొచ్చాడు. ఆయన ఆటోలో పాటల పెన్‌డ్రైవ్ పెద్దది.

"ఈరన్నా, ఒక గంట ఇస్తావా?"

"తీసుకో సూరప్పా. దాంట్ల మన భజన పాటలుండాయి, ఏం గాదు గదా?"

"ఏమవుతుంది ఈరన్నా, నేనున్నాను కదా!"

సీపీయూ డబ్బా ముందు వైపే గుచ్చాను. వెనక కూడా రంధ్రాలున్నాయి కానీ వంగాలి. పని మొదలైంది. సగం దాటాక తెర మీద ఒక మాట వచ్చింది: డ్రైవ్ తయారు చేయడంలో సమస్య ఎదురైంది. ఏం సమస్య? చెప్పదు. ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండా "రేపు రా" అన్నట్టు అంతే. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. కంప్యూటర్ ఆపి, వేసి, దండం పెట్టి పెట్టాను. ఈసారి పావు దారిలోనే ఆగింది. నాకు రోగం తెలిసిపోయింది. పెన్‌డ్రైవ్ నాసిరకం.

అప్పుడు ఈరన్న గుమ్మంలోకి వచ్చాడు. "అయిపాయనా సూరప్పా? పాటలు ల్యాకుంటే ఆటో నడపబుద్ధి గాదు."

నేను పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాను. ఆయన ఆటోలో పెట్టి చూసి, ఒక నిమిషంలో తిరిగొచ్చాడు.

"ఏమప్పా, ఒగ పాట గూడా ల్యాదే! భజనలన్నీ యాడికి పోయినాయి?"

"నీ పెన్‌డ్రైవ్ నాసిరకం ఈరన్నా. నేను పట్టుకోవడం మంచిదైంది, లేకపోతే నీకు ఎప్పటికీ తెలిసేది కాదు."

ఆ పెద్ద మనిషి తిట్టలేదు. "సరేలేప్పా" అని ఖాళీ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు. ఆ క్షణమైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఎందుకంటే నా చూపు అప్పటికే మిషన్ పక్కకు పోయింది. ముప్పై రెండు జీబీ, మంచి రకం, నేనే కొన్నది.

దాని జోలికి పోవద్దని చెప్పిన మాట గుర్తులేదా అంటారేమో. ఉంది. కానీ ఆ మాట మామూలు మనుషుల కోసం చెప్పిందని అనుకున్నాను. డిజైన్లు ఎలాగూ కంప్యూటర్‌లో ఉంటాయి కదా, పని అయ్యాక మళ్లీ ఎక్కించేద్దాం. గుచ్చాను. తెర మీద హెచ్చరిక వచ్చింది, ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుందని. బస్సులో 'తల, చేతులు బయట పెట్టరాదు' అన్న రాతను ఎవరైనా చదివి ఆలోచిస్తారా? నేనూ అంతే. నొక్కాను. టీ గుటకేశాను.

పావుగంటకు అదే పాట: సమస్య ఎదురైంది.

మంచి పెన్‌డ్రైవ్ కూడా నాసిరకమెలా అయింది అని తెరిచి చూస్తే, లోపల సగం సగం పడిన ఏవో ఫైళ్లు. సరే, డిజైన్లు మళ్లీ ఎక్కిద్దామని కంప్యూటర్‌లో వెతికాను. 'నాగవేణి డిజైన్లు' అన్న ఫోల్డర్ ఉంది. తెరిచాను. ఖాళీ. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత, "పాపం ఎలా మోస్తుంది" అన్న నా గొంతే నా చెవుల్లో వినిపించింది. వాటిని అక్కడి నుంచి తీసేసింది నేనే. ఆ తర్వాత వదిన గీసినవన్నీ నేరుగా పెన్‌డ్రైవ్‌లోకే వెళ్లాయి. ఖాళీ బీరువాకు తాళం చేయించడానికి అందులోంచి తీసిన నగలనే కరిగించిన మొనగాణ్ని నేను.

టీ గ్లాసు పక్కన పెట్టి అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఎదురుగా మిషన్ మీద ఆ చిన్న గుడ్డ ముక్క, దాని మీద జొన్నకంకి.

బుధవారం పొద్దున్నే సీపీయూ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఈరన్న ఆటోలోనే పాత బస్తీకి వెళ్లాను. సిగ్గు లేకుండా ఆయన్నే అడిగాను, ఆయన నన్ను సిగ్గుపరచకుండా తీసుకెళ్లాడు. అక్కడ మహబూబ్ మామ దుకాణం ఉంది. రేడియోలు, మైకుసెట్లు, ఇప్పుడు కంప్యూటర్లు, ఏది పట్టుకున్నా మాట్లాడిస్తాడని పేరు. నేను చెప్పిందంతా విని, డ్రైవర్లు, వైరస్‌లు అంటూ నేను వాడిన పెద్ద మాటలన్నీ పక్కన పెట్టి, చిన్న టార్చి వేసి ముందు రంధ్రంలోకి చూశాడు. పిన్నీసుతో మెల్లగా గీకాడు. పసుపుపచ్చటి పెళ్లలు రాలాయి. తర్వాత ఎర్రటి పొడి. చివరికి ఒక బియ్యపు గింజ బయటికి వచ్చింది. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఏం బేటా, కంప్యూటర్‌కు పెండ్లి చేసినారా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఈరన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయనకు ఆ హక్కు ఉంది.

"దీనికి నిలకడగా పట్టు దొరకల్యా. రాస్తా రాస్తా మధ్యలో జారిపోతాండాది. పెన్‌డ్రైవ్‌లు బాగనే ఉండాయి. ఎనకల రంధ్రాలుండాయి గదా, వాటిల్లో ఎందుకు పెట్టల్యా?"

"వంగాలి మామా."

మామ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఈరన్న మాత్రం "నా భజనలు నాసిరకం గాదు గదా మామా?" అని తీర్పు అడిగి మరీ తీసుకున్నాడు.

"మా వదిన డిజైన్లు మళ్లీ వస్తాయా మామా?" అన్నాను.

"చెరిపి, దాని మీద మల్ల రాసినావు. పడగొట్టిన ఇంటి మీద కొత్త గోడ లేపినట్ల. నా చేతిల్లో ల్యాదు బేటా. పోయి మీ వదినకు ఉన్నది ఉన్నట్ల చెప్పు. అది ఒగటే మిగిలింది." అంత పని చేసీ నా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. బియ్యపు గింజను మాత్రం కాగితంలో చుట్టి, "పూజది, పారేయాకు" అని నా జేబులో పెట్టాడు.

మధ్యాహ్నం వదినా, అమ్మా వచ్చారు. వదిన చెప్పులు విడవకముందే చెప్పేశాను. ఈరన్న పాటల నుంచి బియ్యపు గింజ దాకా, ఒక్క ఊపిరిలో. అమ్మ తల పట్టుకుని కూర్చుంది. వదిన బ్యాగు కింద పెట్టి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. లోపలి నుంచి డబ్బా మూత తీసిన చప్పుడు వచ్చింది. మోచేతి దాకా పిండి అంటించుకుని బయటికి వచ్చింది. చేతిలో రెండు మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టిన చిన్న మూట. విప్పితే లోపల ఒక పెన్‌డ్రైవ్, దానికి ఎర్ర దారం కట్టి ఉంది.

"ఇదేంది వదినా?"

"నువ్వే చెప్తివి గదప్పా, రెండు చోట్ల దాచల్లని. ప్రతి ఆదివారం దీంట్లోకి ఎక్కించి జొన్నపిండి డబ్బాలో పెడ్తాండా."

"ముందు రంధ్రం పనిచేయడం లేదు కదా! నీకెలా ఎక్కింది?"

"ముందర బొట్టు పెట్టినారు గదా, దాన్ని కదిలీగూడదని ఎనకలే పెడ్తాండా. వంగితే ఏమైతాది?"

సిగ్గుతో చచ్చిపోయాను, అదే సమయంలో బతికిపోయాను. రెండూ ఒకేసారి జరుగుతాయని ఆ రోజే తెలిసింది. ఆ పిండి చేతులకు దండం పెట్టబోతే, "ఆగు" అంది.

"జొన్నకంకి సోమారం అయింది. పూర్తయినవే ఎక్కిస్తా, అది దీంట్లో ల్యాదు."

అన్నిటికంటే ముఖ్యమైనదే లేదు. శుక్రవారం పెళ్లి. నా కళ్లు చెమర్చాయని ముందే చెప్పాను కదా, అది ఇక్కడ.

"ఏడ్చాకు. ఆ కుట్టిన గుడ్డ తీసకరా. ఆ కుర్చీ ఈడికి జరుపు. గింజలు నువ్వు లెక్కబెట్టి చెప్పు, నేను గీస్తా."

ఆ మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా, మళ్లీ గురువారం తెల్లవారీ తెల్లవారక ముందు నుంచీ కూర్చున్నాం. నేను గుడ్డ ముక్కను వేలితో తడుముతూ చెప్పాను, ఆమె గీసింది. పది రోజుల పనిని ఒక రోజులో చేసింది. ఎలాగంటే, పది రోజుల్లో ఆమె తప్పులన్నీ ముందే చేసేసింది, ఇక చేయడానికి మిగల్లేదు. మధ్యలో ఒక్కసారి కూడా "నీ వల్ల" అన్న మాట రాలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆ కుర్చీలో కూర్చుని నేను నేర్చుకున్నది ఏ కోర్సులోనూ చెప్పరు. మా వదిన ముందు నేను చదువుకున్నవాణ్ని కాను. ఈ మాట ఆమెకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను.

గురువారం సాయంత్రం హనుమక్క వచ్చింది. జాకెట్టు చేతిలోకి తీసుకుని, కంకి మీద బొటనవేలితో రాసింది, గింజ ముదిరిందో లేదో చూసే రైతులాగా.

"పాలకంకి గాదు తల్లీ, బాగ పండింది" అంది. అని వదిన రెండు చేతులూ పట్టుకుంది. "ఇంత కష్టము ఎవురి కోసరము జేసినావమ్మా!"

వదిన నా వైపు చూపించి, "మా మరిది గూడా కూసున్నాడు. గింజలన్నీ ఆయనే లెక్కబెట్టినాడు" అంది.

అంతే చెప్పింది. ఎందుకు లెక్కబెట్టాల్సి వచ్చిందో చెప్పలేదు. హనుమక్క నన్ను కూడా దీవించింది. ఆ దీవెన నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

తర్వాత రికవరీ డ్రైవ్ చేశాను, వెనక రంధ్రంలో, వంగి. మొదటిసారికే అయింది. మరుసటి ఎండాకాలం కంప్యూటర్ నిజంగానే పడిపోయింది. నేను వీరుడిలా ఆ డ్రైవ్ గుచ్చి లేపాను. కొత్త పెళ్లికొడుకులా లేచి కూర్చుంది. వదిన వచ్చి చూసింది.

"లోపల ఏముండాది?"

"ఏమీ లేదు వదినా. శుభ్రంగా ఉంది."

"ఖాళీనా?"

"ఖాళీనే."

వదిన వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత చప్పుడైంది.

ఇప్పుడు నేను కడపలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తున్నాను. పిల్లలకు మొదటి పాఠం మా వదిన పేరు చెప్పే మొదలుపెడతాను. ఈరన్న భజనలన్నీ ఆయన బృందాన్నే కూర్చోబెట్టి మళ్లీ పాడించి, రికార్డు చేసి ఇచ్చాను. పాతవాటికంటే ఇవే బాగున్నాయని ఆయన అంటాడు, మంచివాడు కాబట్టి. దసరాకు ఇంటికి వెళితే కంప్యూటర్‌కు పైన ఒక్క చుక్క గంధం, అంతే. మొదటి బొట్టు మాత్రం జొన్నపిండి డబ్బాకు.

కాబట్టి ఇందుమూలంగా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై రంధ్రమున్న ఏ వస్తువుకూ గంధం పూయను. తెర మీద వచ్చిన మాటను చివరి అక్షరం దాకా చదవకుండా నొక్కను. వంగాల్సిన చోట వంగుతాను. వదిన జోలికి పోవద్దన్న దాని జోలికి ఈ జన్మలో పోను. ఈ ప్రమాణ పత్రం ఒక ప్రతి నా దగ్గర ఉంది. నా సంగతి తెలుసు కాబట్టి, రెండోది జొన్నపిండి డబ్బాలో ఉంది.